బాండ్ అడిగే హక్కు: అమెరికా ఇమిగ్రేషన్ నిర్బంధం వెనక 130 ఏళ్ల కథ

ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ పేరును చాలా తెలుగు ఇళ్లు ఇంకా మరిచిపోలేదు. మిషిగన్ రాష్ట్రంలో అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన ఉత్తుత్తి కాలేజీ అది. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. 2019 జనవరి చివర్లో ఆ సంగతి బయటపెట్టి, అందులో చేరినవాళ్లను దేశమంతటా పట్టుకున్నారు. మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. అందులో ఎక్కువమంది తెలుగు పిల్లలే. వాళ్లను చేర్పించారని ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు. పిల్లల మీద ఉన్నది మాత్రం స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా) పోయిందన్న అభియోగం ఒక్కటే. అమెరికా చట్టంలో అది సివిల్ వ్యవహారం.

"నేరం కానప్పుడు లోపలెందుకు పెట్టారు? బెయిల్ ఎప్పుడిస్తారు?" అని ఇక్కడి తల్లిదండ్రులు అడిగారు. ఎంతో న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు దొరకాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

అమెరికాలో వలసదారుల నిర్బంధం చైనా కూలీలతో మొదలైందని చెప్పాలి. వాళ్ల రాకను ఆపుతూ 1882లో ఒక చట్టం చేశారు. దాన్ని మరింత బిగిస్తూ 1892లో గియరీ చట్టం వచ్చింది. ఓడ దిగనివ్వని చైనా మనిషి తనను పట్టి ఉంచడం చట్టబద్ధమో కాదో తేల్చమంటూ హెబియస్ కార్పస్ కింద కోర్టుకు వెళితే, విచారణ ముగిసేదాకా బెయిల్ ఇవ్వకూడదని అందులో సూటిగా రాశారు. దేశంలో ఉండే హక్కు లేదని తేలినవాళ్లకు మామూలు విచారణ లేకుండానే ఏడాది దాకా కఠిన శిక్ష వేయొచ్చని కూడా రాశారు. 1896లో వాంగ్ వింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ కఠిన శిక్షను కొట్టేసింది. విచారణ లేకుండా శిక్ష కుదరదని చెప్పింది. అయితే దేశం నుంచి పంపించే పనిలో భాగంగా మనిషిని కొన్నాళ్లు పట్టి ఉంచడం శిక్ష కాదని, అది చెల్లుతుందని అదే తీర్పులో ఉంది. ఫార్మింగ్‌టన్ పిల్లల్ని క్రిమినల్ కేసు లేకుండా లోపల పెట్టగలిగింది ఈ మాట ఆధారంగానే. తాళం అదే, గది అదే, కాపలా అదే. పేరు మాత్రం శిక్ష కాదు. లోపల ఉన్నవాడికి ఆ తేడా ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

1910 నుంచి 1940 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతంలోని ఏంజెల్ ఐలాండ్‌లో చైనీయుల్ని, జపనీయుల్ని, మన పంజాబీల్ని ఆపి ప్రశ్నించేవారు. యూరప్ నుంచి వచ్చేవాళ్లు న్యూయార్క్ దగ్గరి ఎల్లిస్ ఐలాండ్‌లో చాలావరకు కొన్ని గంటల్లో బయటపడితే, ఇక్కడ వారాలు, నెలలు పట్టేది. ఆ గదుల చెక్క గోడల మీద చైనీయులు చెక్కిన పద్యాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ రోజుల్లోనే ఒక వింత న్యాయసూత్రం గట్టిపడింది. సరిహద్దులో ఆగిన మనిషి ఒంటితో అమెరికా నేల మీద ఉన్నా, చట్టం కంటికి ఇంకా బయటే ఉన్నట్టు. మెజెయ్ కేసులో అది ఎంతదాకా పోయిందో చూడండి. ఆయన బఫెలో నగరంలో పాతికేళ్లు బతికినవాడు. చావుబతుకుల్లో ఉన్న తల్లిని చూడడానికి 1948లో యూరప్ వెళ్లాడు. 1950లో తిరిగి వస్తే లోపలికి రానివ్వలేదు. కారణం చెప్పలేదు, రహస్యం అన్నారు. వేరే ఏ దేశమూ తీసుకోలేదు. ఎల్లిస్ ఐలాండ్‌లోనే ఉండిపోయాడు. 1953లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ప్రభుత్వం చేసింది సరే అంది. అంతకు ముందు ఏడాది కార్ల్‌సన్ కేసులో, కమ్యూనిస్టులని ముద్రపడిన వలసదారులకు బెయిల్ నిరాకరించడం కూడా అదే 5-4 తేడాతో నెగ్గింది. డిపోర్టేషన్ కేసుల్లో బెయిల్ రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని ఆ తీర్పు సారం.

ఈ కథలో ఒక్క మంచి మలుపు ఉంది, దాన్ని చాలామంది మరిచిపోయారు. 1954 నవంబరులో ఎల్లిస్ ఐలాండ్‌ను మూసేశారు. పారిపోతారని భయం ఉన్నవాళ్లను, దేశ భద్రతకో ప్రజలకో ముప్పు అనుకున్నవాళ్లను తప్ప ఇంకెవర్నీ నిర్బంధించబోమని అప్పటి అటార్నీ జనరల్ హెర్బర్ట్ బ్రౌనెల్ ప్రకటించారు. నిర్బంధం ఇప్పుడు మినహాయింపే తప్ప నియమం కాదని 1958లో సుప్రీంకోర్టు కూడా రాసింది. సుమారు పాతికేళ్లు అలాగే నడిచింది. దేశం కూలిపోలేదు. 1976లో పటేల్ అనే ఇంటిపేరున్న ఒకరి కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు కూడా అదే దారిలో నడిచింది. ముప్పు ఉందనో, వాయిదాలకు రాడనో తేలితే తప్ప మనిషిని పట్టి ఉంచకూడదని చెప్పింది.

1980లో గాలి మారింది. క్యూబాలోని మరియెల్ రేవు నుంచి కొన్ని నెలల్లోనే సుమారు 1,25,000 మంది పడవల్లో ఫ్లోరిడా చేరారు. హైతీ నుంచి కూడా పడవలు వస్తూనే ఉన్నాయి. 1981లో రీగన్ ప్రభుత్వం నిర్బంధాన్ని మళ్లీ తెచ్చింది. దాని దెబ్బ మొదట హైతీ నల్లజాతివాళ్ల మీద పడింది. మయామీ శివార్లలో ఒకప్పటి క్షిపణి స్థావరం క్రోమ్ డిటెన్షన్ సెంటర్‌గా మారింది. 1983లో ప్రైవేటు జైళ్ల కంపెనీ ఒకటి పుట్టింది, ఇప్పుడు దాని పేరు కోర్‌సివిక్. అది మొదట పట్టిన పని హ్యూస్టన్‌లో వలసదారుల్ని ఉంచడం. కట్టడం పూర్తికాక ముందే గడువు ముంచుకొస్తే, ఒక మోటెల్‌ను అద్దెకు తీసుకుని చుట్టూ కంచె వేసి 1984 జనవరిలో అందులోకి మనుషుల్ని దింపారు. మంచానికి ఇంత అని రోజువారీ లెక్క కట్టే వ్యాపారం అలా మొదలైంది.

అసలు గడియ పడింది మాత్రం 1996లో, క్లింటన్ హయాంలో. అంతకు ముందు ఏడాది ఓక్లహోమా నగరంలో బాంబు పేలి 168 మంది చనిపోయారు. పేల్చినవాడు అమెరికాలో పుట్టి, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆ కోపంలో వచ్చిన ఉగ్రవాద వ్యతిరేక చట్టం, ఆ ఏడాదే సెప్టెంబరులో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం రెండూ కలిసి వలసదారుల మెడకు చుట్టుకున్నాయి. కొన్ని రకాల నేరాలు రికార్డులో ఉంటే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకైనా బాండ్ విచారణే, అంటే డబ్బు హామీ మీద విడుదల అడిగే విచారణే ఉండదు. శిక్ష ఎప్పుడో పూర్తయి, పెళ్లాంబిడ్డలతో బతుకుతున్నవాడైనా అంతే. సరిహద్దులో పట్టుబడినవాళ్లకు ఇంకో తలుపు మూశారు. మిగిలినవాళ్లు జడ్జి ముందు బాండ్ అడగొచ్చు. కనీసం 1,500 డాలర్లు, గరిష్ఠ పరిమితి లేదు. 1999లో అప్పీళ్ల బోర్డు నిరూపించే భారాన్ని కూడా తిప్పేసింది. వదిలితే ముప్పు అని ప్రభుత్వం చూపించనక్కర్లేదు, ముప్పు లేదని లోపల ఉన్నవాడే నిరూపించుకోవాలి.

ఈ బాండ్ మన కోర్టు బెయిల్ లాంటిది కాదు. ఇచ్చే జడ్జి న్యాయవ్యవస్థలో భాగం కాదు, న్యాయశాఖ ఉద్యోగి. ఆయన పైన ఉన్న అటార్నీ జనరల్ తలచుకుంటే తీర్పుల్ని మార్చేయొచ్చు. జడ్జి బాండ్ ఇచ్చినా ప్రభుత్వ లాయరు ఒక కాగితం దాఖలు చేసి అప్పీలు తేలేదాకా విడుదలను ఆపే వీలును 2001 అక్టోబరులో పెంచారు. డబ్బు నేరుగా ప్రభుత్వానికి కడితే మొత్తం ఒకేసారి కట్టాలి. కట్టేవాళ్లు సాధారణంగా పౌరులో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయి ఉండాలి. రూమ్మేట్లంతా స్టూడెంట్ వీసా మీదే ఉన్న కుర్రాడికి అక్కడే చిక్కు. స్థోమత లేనివాళ్లకు ప్రభుత్వం లాయర్ని కూడా పెట్టదు.

లెక్కలు చూస్తే మార్పు తెలుస్తుంది. 1994లో రోజుకు సగటున 7,000 మంది లోపే నిర్బంధంలో ఉండేవారు. 2001కి 20,000 దాటింది. 2009లో కాంగ్రెస్ బడ్జెట్‌లోనే కనీసం 33,400 పడకలు ఉంచాలని రాసింది, తర్వాత అది 34,000 అయింది. ఒబామా ఉన్నంత కాలం ఆ మాట అలాగే ఉంది, 2017లో తీసేశారు. 2019 వేసవిలో లోపల 50,000 మందికి పైగా ఉన్నారు. కరోనా కాలంలో 15,000 లోపుకు పడిపోయి, 2025 చివరికి 65,000 దాటింది. ఒక్క పార్టీని తిట్టి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు.

కోర్టులు అడ్డుపడలేదా అంటే, కొంత పడ్డాయి. డిపోర్టేషన్ ఆర్డరు వచ్చాక ఏ దేశమూ తీసుకోని మనిషిని ఆరు నెలలు దాటి ఊరికే ఉంచకూడదని 2001లో జాద్విదాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండేళ్లకే అదే కోర్టు వెనక్కి తగ్గింది. ఆ కేసు గురించి కాస్త ఆగి చెప్పాలి.

చిన్నప్పుడే కొరియా నుంచి వచ్చి గ్రీన్ కార్డు మీద ఉన్న యువకుడిది డిమోర్ కేసు. పాత దొంగతనం కేసుల వల్ల బాండ్ విచారణ లేకుండా నిర్బంధించారు. నిర్బంధం కొద్ది కాలమే కదా, ఎక్కువమందికి నెలా నెలన్నర, అప్పీలుకు వెళ్లినవాళ్లకు సుమారు ఐదు నెలలు అన్న లెక్క మీద ఆనుకుని 2003లో కోర్టు ఆ పద్ధతిని సమర్థించింది. లెక్క ఇచ్చింది ప్రభుత్వమే. పదమూడేళ్ల తర్వాత, 2016లో, ఆ లెక్క తప్పని ప్రభుత్వమే కోర్టుకు ఉత్తరం రాసింది. అప్పీలు కేసుల్లో అసలు సగటు 382 రోజులు. ఈ మధ్యలో ఆ తీర్పు చూపించి ఎంతమందిని బాండ్ లేకుండా లోపల ఉంచారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. తీర్పు మాత్రం మారలేదు. పైగా 2018లో జెన్నింగ్స్ కేసులో, ఆరు నెలలకోసారి బాండ్ విచారణ జరపాలని చట్టంలో ఎక్కడా లేదని సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక 2025. జనవరిలో లేకెన్ రైలీ చట్టం వచ్చింది. అక్రమంగా వచ్చినవాళ్ల మీద దొంగతనం లాంటి అభియోగం ఉంటే చాలు, నేరం రుజువు కాకపోయినా నిర్బంధం తప్పనిసరి. జులైలో కాంగ్రెస్ డిటెన్షన్ కోసమే 4,500 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ నెలలోనే ఇమిగ్రేషన్ పోలీసు సంస్థ ఐస్ ఒక మెమో పంపింది. తనిఖీ లేకుండా సరిహద్దు దాటినవాళ్లు ఇరవై ఏళ్ల కింద దాటినా సరే, ఇప్పుడే గుమ్మం ముందు నిలబడ్డవాళ్లతో సమానం, వాళ్లకు బాండ్ లేదని అందులో ఉంది. సెప్టెంబరు 5న యహూరె హుర్తాదో కేసులో అప్పీళ్ల బోర్డు దాన్నే ఖాయం చేసింది. 1996 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు వీళ్లకు బాండ్ విచారణ జరుగుతూనే ఉంది. చట్టంలో అక్షరం మారలేదు, చదివే తీరు మారింది.

దాంతో హెబియస్ కార్పస్ పిటిషన్లు ఫెడరల్ జిల్లా కోర్టులను ముంచెత్తాయి. ఎక్కువమంది జడ్జీలు ప్రభుత్వ వాదన ఒప్పుకోలేదు. 2025 డిసెంబరులో షికాగోలోని ఏడో సర్క్యూట్ కోర్టు (జిల్లా కోర్టుల పైన ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టు) కూడా ఆ వాదన నిలిచేలా లేదంది. 2026 ఫిబ్రవరిలో ఐదో సర్క్యూట్ కోర్టు ప్రభుత్వం వైపే మొగ్గింది. టెక్సస్, లూసియానా దాని కిందికే వస్తాయి. పెద్ద డిటెన్షన్ సెంటర్లు చాలావరకు ఉన్నది అక్కడే. ఇల్లినాయిలో పట్టుకున్న మనిషిని టెక్సస్‌కు తరలిస్తే చట్టం అర్థమే మారిపోయే పరిస్థితి.

తెలుగువాళ్లకు దీంతో పనేంటి అనుకోవద్దు. మనవాళ్లలో ఎక్కువమంది వీసా మీద విమానం దిగి, తనిఖీ దాటి వెళ్లినవాళ్లు. వాళ్లు స్టేటస్ పోగొట్టుకున్నా, నేరాల రికార్డు లేకపోతే, బాండ్ అడిగే దారి ఉంది. 2019లో కొందరు అలాగే బయటికొచ్చారు, చాలామంది తమంతట తామే దేశం వదిలి వెళ్లడానికి ఒప్పుకున్నారు. 2011లో కాలిఫోర్నియా ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు కొందరు తెలుగు విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టి బయట ఉంచారు. ఇక్కడ మనందరికీ మండిపోయింది, భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. అయినా వాళ్లు కనీసం తాళం వేసిన గదిలో లేరు.

విమానాశ్రయంలోనే ఆపేసినవాళ్ల సంగతి వేరు. 2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెనక్కి పంపిన విద్యార్థుల చేతుల్లో వీసాలు, కాలేజీలు ఇచ్చిన ఐ-20 ప్రవేశ కాగితాలు అన్నీ ఉన్నాయి. కానీ అధికారి ఇంకా ముద్ర వేయలేదు కాబట్టి చట్టం లెక్కలో వాళ్లు అమెరికాలో లేరు. బాండ్ అడగడానికి వాళ్లకు జడ్జే లేడు. ఏంజెల్ ఐలాండ్ ఉన్నది అదే ఖాతంలో.