రెండు గంటలకొకసారి ఎందుకు?

చిరంజీవులకు ఆశీస్సులు.

చిట్టీ, నాయనమ్మ మంచం పక్కన కూర్చుని నువ్వు నర్సమ్మను అడిగిన ప్రశ్న నా మనసులో ఇంకా తిరుగుతూనే ఉంది. "రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారు కదా, మూడు గంటలకొకసారి తిప్పితే ఏమవుతుంది?" అన్నావు. ఆవిడ నవ్వి, దానిమీద పరిశోధనలే జరిగాయని చెప్పి, వేరే రోగి పిలిస్తే వెళ్ళిపోయింది. మిగిలిన మాట నేను చెబుతాను. అన్నయ్యకు కూడా చదివి వినిపించు.

కదలలేని మనిషి ఒకేవైపు పడుకుని ఉంటే, ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తం అందక, మడమ మీదో నడుము కిందో పుండు పడుతుంది. తరచుగా తిప్పితే పడదన్నది ఒక ఊహ. ఊహ ఎంత సబబుగా తోచినా, దాన్ని పరీక్షకు నిలబెట్టాలి.

నేను మీ అంతవాణ్ణి ఉన్నప్పుడు రెండు బంతి మొక్కలు నాటి, ఒకదానికి మాత్రమే బూడిద వేశాను. నెల తిరిగేసరికి అది మోకాలెత్తు పెరిగింది, రెండోది జానెడు కూడా దాటలేదు. బూడిద మహిమను ఇల్లంతా చాటుతుంటే మా నాన్నగారు వచ్చి చూసి, "రెండోది గోడ నీడలో ఉందిరా" అని ఒక్క మాట అన్నారు. నా గొప్ప అక్కడితో సరి. నర్సింగ్ చదివేవాళ్ళు కంట్రోల్ గ్రూప్ అనేది, ఏమీ వేయకుండా పోల్చి చూడడానికి ఉంచిన ఆ రెండో మొక్కనే. మనం మార్చే బూడిదను స్వతంత్ర చరమనీ, దాన్నిబట్టి మారే ఎత్తును ఆధారిత చరమనీ అంటారు. పేర్లు విని బెదరకండి. ఎండ మాత్రం పిలవని పేరంటానికి వచ్చి నా లెక్కంతా తారుమారు చేసింది.

మరి ఏం చేయవలసింది? ఇరవై మొక్కలు తీసుకుని, బూడిద దేనికి వేయాలో చీటీలు వేసి తేల్చవలసింది. నా చేతికే వదిలితే బలంగా ఉన్నవాటికే వేసి ఉండేవాణ్ణి. రోగుల విషయంలోనూ అంతే: అందరినీ ఒకే రకం మెత్తటి ప్రత్యేక పరుపుల మీద పడుకోబెట్టి, చీటీల ప్రకారం కొందరిని రెండు గంటలకొకసారి, కొందరిని నాలుగు గంటలకొకసారి తిప్పి, ఎవరికి పుండ్లు పడ్డాయో చూడవచ్చు. చూసే నర్సుకు ఎవరిది ఏ గుంపో తెలియకపోతే ఇంకా మంచిది.

అయితే మనుషులు మొక్కలు కారు. అసలు తిప్పకుండా వదిలేసి ఏమవుతుందో చూద్దామనడం పాపం. అందుకే చాలా పరిశోధనలలో ఏమీ మార్చరు, కేవలం గమనిస్తారు. మొలక నాటి నుంచి రోజూ వెళ్ళి చూసినట్టు కొందరిని ముందుకు అనుసరిస్తారు. వాడిన మొక్కను చూసి దానికేమైందని ఆరా తీసినట్టు పుండు పడినవారి గతాన్ని వెతుకుతారు. ఒక్కరోజు తోటంతా లెక్కపెట్టినట్టు వార్డంతా లెక్కిస్తారు. నొప్పి ఎలా ఉందో తెలియాలంటే మాత్రం లెక్క చాలదు, పక్కన కూర్చుని వినాలి. ఇక్కడితో నా మొక్కల పోలిక తెగిపోయింది.

బ్రిటన్‌లో డోరీన్ నార్టన్ అనే నర్సు తన సహచరులతో కలిసి ఆసుపత్రిలోని వృద్ధులను అలా ఓపికగా గమనించి, 1962లో ఒక కొలబద్దను ప్రకటించింది. ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు అనే 5 అంశాలకు మార్కులు వేస్తే మొత్తం 5 నుంచి 20 వరకు వస్తుంది; మార్కులు ఎంత తగ్గితే పుండ్లు పడే ప్రమాదం అంత ఎక్కువ.

ఇక రెండు గంటల సంగతి. అది రాతిమీద చెక్కిన అంకె కాదు. పరుపునుబట్టి, మనిషినిబట్టి, చర్మం చెప్పేదాన్నిబట్టి మారుతుంది. రేపు నర్సమ్మ తిప్పేటప్పుడు నాయనమ్మ మడమను చూడు. ఎర్రబడిన చోట వేలితో మెల్లగా నొక్కి వదిలితే, ఒక్క క్షణం పాలిపోయి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టే. నొక్కినా ఆ ఎరుపు చెదరకపోతే వెంటనే నర్సమ్మకు చెప్పు. ఒంటిరంగు ముదురుగా ఉన్నవారిలో ఇది సరిగా కనబడదు కనుక, వేడిగా ఉందా, గట్టిపడిందా అని తాకి చూడాలి. చూసినదాన్ని గంటతో సహా నోటు పుస్తకంలో రాసిపెట్టు.

అన్నట్టు, ముట్టుకునే ముందు నాయనమ్మను అడుగు. వద్దంటే మానెయ్యి.

మీ తాతయ్య