వడియానికి తగిలే ఎండ వేరు, నిమ్మకాయకి తగిలే ఎండ వేరు

మొన్న ఏప్రిల్లో కావలిలో మా మిద్దె మీద ఒక బుల్లి సెన్సర్ పెట్టాను. యూవీ, అంటే అతినీలలోహిత కిరణాలు, ఎంత పడుతున్నాయో చెప్పే గోరంత చిప్ అది, కొన్ని వందల రూపాయలకి ఆన్‌లైన్లో దొరుకుతుంది. పక్కనే మా పెద్దమ్మ పాత చీర పరిచి వడియాలు పెడతా ఉంది. "ఏంది అబ్బయ్యా, నువ్వు కూడా ఏందో ఎండబెడతా ఉండావే" అంది. ఎండ కొలుస్తున్నా పెద్దమ్మా అంటే, "కొలిచేదేంది, నెత్తిన పడతా ఉంటే తెలవదా" అని నవ్వింది.

తెలవదు. నెత్తికి తెలిసేది వేడి. మా ఊళ్ళో వేడి బాగా ముదిరేది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి. యూవీ మాత్రం సూర్యుడు బాగా పైకెక్కినప్పుడే, అంటే మన గడియారంలో పన్నెండు దాటిన కాసేపటికే పతాక స్థాయికి చేరి, వడగాలి మొదలయ్యే వేళకి దిగిపోతూ ఉంటుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె మే చివర్లో వస్తుంది కదా, కానీ నెల్లూరు జిల్లాలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచేది ఏప్రిల్ నెలాఖరుకీ, మళ్ళీ ఆగస్టు రెండో వారానికీ. ఆగస్టులో మబ్బు తొలగిన మధ్యాహ్నం యూవీ ఏమీ తక్కువ కాదు, గాలి కాస్త చల్లబడింది కాబట్టి మనమే పట్టించుకోం.

మొదటి రోజే నాకు పరువు పోయింది. వాన పడితే తడుస్తుందని సెన్సర్‌కి పైన పాలీకార్బొనేట్ మూత బిగించాను. గాజులా తళతళలాడే మూత, లోపల చిప్ స్పష్టంగా కనపడుతోంది, పన్నెండింటికి చూస్తే అంకె దాదాపు సున్నా. గంటసేపు వైర్లు పీకి మళ్ళీ పెట్టి టెన్షన్ పడ్డాక తట్టింది, ఆ ప్లాస్టిక్ కంటికి పారదర్శకమే కానీ యూవీకి గోడ. కిటికీ గాజు కూడా సగం గోడే, యూవీ-ఎ అనే పొడుగు తరంగాలని చాలావరకు వదిలి యూవీ-బి అనే పొట్టి తరంగాలని ఆపేస్తుంది. అందుకే అసలు పరికరాలకి యూవీని ఆపని క్వార్ట్జ్ గుమ్మటం పెడతారు.

ఇంత చేసి ఆ కిరణాలని కొలవడం ఎందుకంటే, సన్‌స్క్రీన్ కోసం కాదు, గాలి కోసం. 290 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలని పైనున్న ఓజోన్ పొర నేలదాకా రానివ్వదు. ఆ పొర ఎంత మందమో తెలుసా, ఆ ఓజోనంతా నేల మీది గాలి ఒత్తిడికి, సున్నా డిగ్రీలకి తెచ్చి పరిస్తే ఉష్ణమండలంలో రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. దాన్ని దాటి వచ్చిన యూవీ-బి మన చుట్టూ ఉన్న గాలిలోని కొద్దిపాటి ఓజోన్‌ని పగలగొడుతుంది. అందులోంచి విడిపడే ఆక్సిజన్ పరమాణువు మామూలుది కాదు, శక్తితో ఊగిపోతూ ఉంటుంది. అది నీటి ఆవిరిని గుద్దితే రెండు హైడ్రాక్సిల్ రాడికల్స్, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన, దేన్నైనా పట్టుకునే ఆత్రం ఉన్న ముక్కలు, పుడతాయి. వీటి ఆయుష్షు మహా అయితే ఒక సెకను, లెక్క చూస్తే లక్షల కోట్ల అణువుల్లో ఒకటి కూడా ఉండవు. అయినా గాలిని కడిగే పనిమనిషి ఇదే. వరి మళ్ళలోంచి, గేదెల నోట్లోంచి వచ్చే మీథేన్ సుమారు పదేళ్ళలో గాలిలోంచి మాయమవుతోందంటే ముఖ్యంగా దీని చలవే. నేలకి దగ్గరి గాలిలో ఈ పని జరుగుతోందని 1971లో హైరమ్ లెవీ అనే శాస్త్రవేత్త చూపించాడు. నడినెత్తి ఎండ, పల్చటి ఓజోన్ పొర, సముద్రం మీది తడిగాలి, మూడూ ఒకచోట దొరికేది ఉష్ణమండలంలోనే కాబట్టి ఈ కడుగుడు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఉక్కపోతని తిట్టుకునేటప్పుడు ఇది గుర్తురాదనుకోండి.

యూవీ చేసే రెండో పని అంత మంచిది కాదు. హైవే మీద లారీలు, కృష్ణపట్నం దగ్గరి థర్మల్ ప్లాంట్లు, ఎక్కడ ఇంధనం మండినా నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని విడగొట్టడానికి 420 నానోమీటర్ల దాకా, అంటే యూవీ-ఎ తో పాటు కంటికి కనపడే ఊదారంగు వెలుగు కూడా సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఒక్కో అణువూ సగటున రెండు నిమిషాలే నిలుస్తుంది. విడిపోయిన ఆక్సిజన్ పరమాణువు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నేలమట్టంలో ఓజోన్ అవుతుంది, ఇది ఊపిరితిత్తులకి చేటు.

అసలు చిక్కు ఇక్కడుంది. నా సెన్సర్ బల్లపరుపుగా పడుకుని ఆకాశం వైపు చూస్తుంది, చీర మీద వడియంలా. సాయంత్రం నాలుగు గంటలకి సూర్యుడు నడినెత్తి నుంచి 60 డిగ్రీలు వాలితే ఏటవాలుగా వచ్చే కిరణంలో దానికి సగమే లెక్కకొస్తుంది. గాలిలో అణువుకి మాత్రం వీపూ లేదు, పొట్టా లేదు. పొదలకూరు తోటలో కొమ్మకి వేలాడే నిమ్మకాయలాగా, ఎటునుంచి వచ్చినా ఎండ ఎండే. వాలిన కిరణం కూడా దానికి నిండుగానే తగులుతుంది, పక్క నుంచి వచ్చే ఆకాశపు వెలుగు తగులుతుంది, కింద ఇసుక మీదినుంచి ఎగిసి వచ్చేదీ తగులుతుంది. ఈ అన్ని వైపుల లెక్కని ఆక్టినిక్ ఫ్లక్స్ అంటారు, గాలి రసాయనానికి కావలసింది అదే. బల్లపరుపు మీటరు అంకెని రెండుతో హెచ్చవేస్తే సరిపోదా అంటే, పోదు. నడినెత్తి సూర్యుడి నేరు కిరణానికి రెండు లెక్కలూ ఒకటే, ఆకాశమంతా సమంగా పరుచుకున్న వెలుగుకి మాత్రం రెట్టింపు తేడా, కాబట్టి ఆ గుణకం పొద్దుతో, మబ్బుతో మారిపోతూ ఉంటుంది.

ఆకాశపు వెలుగు అంటే ఏదో కాస్త అనుకోకండి. అట్టముక్క ఒకటి చేతిలో దూరంగా పట్టుకుని, దాని నీడ సరిగ్గా సెన్సర్ మీద పడేలా చూశాను. కంటికి అక్కడ మంచి నీడే, అంకె మాత్రం సుమారు సగమే తగ్గింది. తరంగం పొట్టిదయ్యేకొద్దీ గాలి దాన్ని విపరీతంగా చెదరగొడుతుంది, 620 నానోమీటర్ల ఎర్ర వెలుగుకంటే 310 యూవీని పదహారు రెట్లు. చెట్టు నీడన కూర్చున్నా చుట్టూ ఆకాశం కనపడుతోందంటే అక్కడా యూవీ ఉన్నట్టే.

ఈ చిక్కుకి పాతకాలపు ఉపాయం ఒకటి నాకు భలే నచ్చుతుంది. మీటరు సంగతి వదిలేసి, క్వార్ట్జ్ గొట్టంలో నైట్రోజన్ డయాక్సైడ్ పంపి ఎండలో పెట్టి, ఎంత వేగంగా విరిగిందో కొలిచేవాళ్ళు. గొట్టంలోని అణువు చుట్టూ ఎండే కాబట్టి ఏ గుణకమూ అక్కర్లేదు. ఇప్పుడైతే అన్ని వైపుల వెలుగునీ సమంగా పట్టే గుమ్మటాన్ని స్పెక్ట్రోమీటరుకి, అంటే వెలుగుని తరంగాలుగా విడగొట్టే పరికరానికి, తగిలించి తరంగాల వారీగా చదువుతారు. అందులోనూ ఒక తిప్పలు, 320 నుంచి 290కి దిగేసరికి వెలుగు వేల రెట్లు పడిపోతుంది, పక్కనున్న కనపడే వెలుగు చుక్క కారినా లెక్క పాడవుతుంది. అందుకే వెలుగుని ఒకటికి రెండుసార్లు విడగొట్టే పరికరాలు వాడతారు, ఖరీదు కూడా అలాగే ఉంటుంది.

నా దగ్గర అవేమీ లేవు. ఆ మధ్య రోజురోజుకీ అంకె కొంచెం కొంచెం పడిపోతుంటే ఎండే తగ్గుతోందనుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. పెద్దమ్మ కొంగుతో ఒకసారి తుడిచి చూడమంది. తుడిస్తే కొంగు మీద తెల్లటి పొర, సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు, అంకె మళ్ళీ పైకి లేచింది. పది రోజుల లెక్క కొట్టేశాను.