తృటిలో తప్పింది సరే, ఏటీసీ వాణ్ని పీకేశారా? - అపోహలు, వాస్తవాలు

పోయిన నెల రాజమండ్రి నుంచి మా పిన్ని ఫోన్. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూసిందట. రెండు విమానాలు గాల్లో ఒకదాన్నొకటి రాసుకున్నంత పనైందని, వెనక భయపెట్టే మ్యూజిక్. "ఒరేయ్ నాన్నా, ఆ ఏటీసీ వాణ్ని ఉద్యోగంలోంచి తీసేశారా లేదా?" మొదటి ప్రశ్నే అది. ఏటీసీ అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, విమానాలకు దారీ ఎత్తూ చెప్పేవాళ్లం, కంట్రోలర్లు అంటారు. పదిహేడేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను. చుట్టాలు, పక్కింటివాళ్లు, డ్యూటీకి తీసుకెళ్లే క్యాబ్ డ్రైవర్, అందరూ తిరిగి తిరిగి అక్కడికే వస్తారు.

అపోహ: తప్పు చేసినవాణ్ని పీకేస్తే సమస్య తీరిపోతుంది.

ఈ ఒక్కటి వదిలించుకుంటే చాలు, మిగతా అపోహలు ఉన్నా నాకు పెద్ద బాధ లేదు. ముందు నా సంగతే చెప్తాను. ఏ ఊరన్నది అనవసరం. నైట్ డ్యూటీ, తెల్లవారుజామున మూడున్నర. తూర్పుకు వెళ్తున్న ఒక విమానాన్ని 310కి, అంటే 31,000 అడుగులకు, ఎక్కమన్నాను. మేం చెప్పింది పైలట్ తిరిగి అప్పజెప్పాలి, దాన్నే రీడ్‌బ్యాక్ అంటారు. అందులో అతను 330 అన్నాడు. నాకు మాత్రం 310 అనే వినబడింది. మధ్యలో 320 మీద ఎదురుగా ఇంకో విమానం వస్తోంది. స్క్రీన్ మీద అలర్ట్ వెలిగేసరికి నోట్లో తడి ఆరిపోయింది. ఒకర్ని ఎక్కడం ఆపమన్నాను, ఇంకొకర్ని కుడికి తిరగమన్నాను. దాటేటప్పుడు వాటి మధ్య నాలుగు నాటికల్ మైళ్లు, ఎత్తులో ఏడు వందల అడుగులు ఉన్నాయి. అక్కడ ఐదు మైళ్లైనా ఉండాలి, లేదా వెయ్యి అడుగులైనా ఉండాలి. ఏదో ఒకటి ఉంటే చాలు. ఆ రాత్రి నా దగ్గర రెండూ లేవు. టీవీవాళ్లకు తెలిసుంటే తృటిలో తప్పిన ఘోరం అనేవారు. నిజానికి అడ్డంగా చూస్తే ఏడు కిలోమీటర్ల పైచిలుకు దూరం. ప్రయాణికుల్లో ఎవరికీ నిద్ర కూడా చెడలేదు. అయినా అది తప్పే, నా తప్పే.

రిపోర్టు నేనే రాశాను. మూడు వారాలు డ్యూటీకి దూరంగా పెట్టారు, మళ్లీ ట్రైనింగ్, మళ్లీ చెక్. విచారణలో టేపు వింటే ఇంకో సంగతి బయటపడింది. అదే ఫ్రీక్వెన్సీలో ఒకే కంపెనీవి రెండు కాల్‌సైన్లు, అంటే రేడియోలో విమానాన్ని పిలిచే పేర్లు, దాదాపు ఒకేలా ఉన్నాయి, నా బుర్ర సగం వాటిని విడదీసుకోవడంలోనే ఉంది. తర్వాత అందులో ఒకటి మార్పించారు. నేను నోరు మూసుకుని ఉంటే అవి అలాగే ఉండేవి, ఇంకో రాత్రి ఇంకొకడు దొరికిపోయేవాడు. ఉద్యోగం పోతుందని తెలిస్తే రాసేవాణ్నా? మా పాప స్కూలు ఫీజు కట్టాల్సిన నెల అది. రాసేవాణ్ని కాదేమో.

2001 జనవరి 31న జపాన్‌లో ఏం జరిగిందో చూడండి. ట్రైనింగ్‌లో ఉన్న కంట్రోలర్, జపాన్ ఎయిర్‌లైన్స్ 958ని దిగమనబోయి 907ని దిగమన్నాడు. 907లో టీకాస్, అంటే ఇంకో విమానాన్ని గుద్దుకోకుండా హెచ్చరించే యంత్రం, ఎక్కమని అరుస్తోంది, పైలట్ కంట్రోలర్ మాటే విని దిగాడు. 958 తన టీకాస్ చెప్పినట్టు అదీ దిగింది. ఆఖరి క్షణంలో తప్పించుకున్నారు గానీ, ఆ కుదుపుకి దాదాపు 100 మందికి దెబ్బలు తగిలాయి. ట్రైనీ మీద, పక్కన కూర్చున్న సీనియర్ మీద కేసు పెట్టారు. 2010లో అక్కడి సుప్రీంకోర్టు కూడా శిక్ష ఖాయం చేసింది.

కంట్రోలర్ ఒకటి, టీకాస్ ఇంకొకటి చెబితే పైలట్ ఎవరి మాట వినాలి? అసలు తేల్చాల్సింది ఇది. ప్రపంచమంతా ఒక్క మాట మీదకు రాకముందే, 17 నెలలకు, 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఉబెర్లింగెన్ మీద అదే కథ. రష్యా టుపొలెవ్ కంట్రోలర్ మాట విని దిగింది, డీహెచ్ఎల్ బోయింగ్ టీకాస్ మాట విని దిగింది. రెండూ గుద్దుకుని 71 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. అక్కడి ఆకాశాన్ని చూసుకునేది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ కేంద్రం. ఆ రాత్రి అక్కడ కంట్రోలర్ ఒక్కడే రెండు స్క్రీన్లు చూసుకుంటున్నాడు. రెండోవాడు రెస్ట్‌కి వెళ్లాడు, అక్కడ అది మామూలే, పైవాళ్లకూ తెలుసు. మెయింటెనెన్స్ పేరుతో ఫోన్ లైను లేదు, స్క్రీన్ మీద వెలగాల్సిన అలర్ట్ లేదు. జర్మనీలోని కార్ల్స్‌రూ కేంద్రంలో ఉన్న కంట్రోలర్ ప్రమాదం చూసి ఫోన్ చేస్తే కలవలేదు. ఆ ప్రమాదంలో భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న ఒకాయన 2004లో ఆ జ్యూరిచ్ కంట్రోలర్ ఇంటికి వెళ్లి పొడిచి చంపేశాడు. 2007లో స్విస్ కోర్టు ఆ కంట్రోలర్ పనిచేసిన సంస్థ మేనేజర్లు నలుగుర్ని దోషులుగా తేల్చింది. అప్పటికి చంపినవాడు జైల్లో, చనిపోయినవాడు మట్టిలో.

ఇప్పుడు రూలు స్పష్టం. ఆర్ఏ, అంటే ఎక్కమనో దిగమనో టీకాస్ ఇచ్చే ఆదేశం, వస్తే పైలట్ టీకాస్ మాటే వినాలి. పైలట్ నుంచి "టీకాస్ ఆర్ఏ" అని వినబడగానే ఆ విమానానికి మేం ఎక్కమనీ దిగమనీ చెప్పకూడదు.

అపోహ: చార్ఖీ దాద్రీ ఏటీసీ తప్పే.

కాదండీ బాబూ. 1996 నవంబర్ 12న ఢిల్లీ దగ్గర చార్ఖీ దాద్రీ మీద గాల్లో రెండు విమానాలు గుద్దుకున్నాయి. కంట్రోలర్ కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నాడు, ఎదురుగా 14,000లో సౌదీ విమానం వస్తోందనీ చెప్పాడు. కజక్ విమానం దిగిపోయింది. 349 మంది పోయారు. విచారించిన లహోటి కమిషన్ తప్పు కజక్ సిబ్బందిదేనంది. కానీ అప్పుడు ఢిల్లీలో వచ్చేవాటికీ పోయేవాటికీ దారి ఒక్కటే, విమానం ఎత్తు చూపించే సెకండరీ రాడార్ లేదు. తర్వాత దారులు వేరు చేశారు, రాడార్ పెట్టారు, టీకాస్ తప్పనిసరి చేశారు. చనిపోయిన పైలట్లను తిట్టి ఊరుకుని ఉంటే ఇవేవీ వచ్చేవి కావు.

మిగతావి గబగబా. కిటికీలోంచి ఇంకో విమానం పెద్దగా కనబడిందంటే గుద్దబోయిందని కాదు, వెయ్యి అడుగులంటే 305 మీటర్లే, రూలు ప్రకారమే అంత దగ్గరగా కనిపిస్తుంది. పిన్ని చూసిన వీడియో అలాంటిదే. గో-అరౌండ్, అంటే దిగబోయిన విమానం దిగకుండా మళ్లీ పైకి లేవడం, జరిగిందంటే గండం గడిచిందని కాదు, ముందు విమానం రన్‌వే ఇంకా ఖాళీ చేయలేదని కావచ్చు, వారంలో ఎన్నోసార్లు చూస్తాను. నాకు టెన్షన్ గాల్లోకన్నా రన్‌వే మీదే ఎక్కువ. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు విమానాలు గుద్దుకున్నాయి, 583 మంది పోయింది నేలమీదే. ఇంకొకటి, విమానం ముందు నిలబడి కర్రలు ఊపేది మేం కాదు. పెళ్లైన కొత్తలో మా మామగారు ఊరంతా అలాగే చెప్పుకున్నారు.

పిన్నికి ఇదంతా చెబితే ఓపిగ్గా విని, "అయితే హైదరాబాద్‌కి ఫ్లైట్‌లో రమ్మంటావా, గౌతమికి రమ్మంటావా?" అంది. ఫ్లైట్‌కే వచ్చింది. కిటికీ సీటు మాత్రం వద్దని బాబాయికి ఇచ్చేసిందట.