నాలుగో గింజ

మా చిన్నది మూడో తరగతి. ఈ వారం వాళ్ల టీచరమ్మ ఇచ్చిన పని ఇది: గాజుగ్లాసు లోపల చుట్టూ తడిదూది సర్ది, గాజుకీ దూదికీ మధ్య నాలుగు పెసలు ఇరికించి, రోజూ కనిపించింది కనిపించినట్టు బొమ్మ వేయాలి. సోమవారం బొమ్మలో నాలుగు చుక్కలు. మంగళవారం మూడు చుక్కలు లావెక్కాయి. బుధవారం పొద్దున్నే నన్ను కుదిపి లేపింది. "నాన్నా, తోకలొచ్చాయి!"

మూడింటికి వచ్చాయి. నాలుగోది రాయిలా అలాగే ఉంది.

తోక కాదమ్మా, వేరు అన్నాను. మొదట బయటికొచ్చేది అదే. ఆకుకి తొందర లేదు, ఎందుకంటే తిండికి లోటు లేదు. మనం పెసరపప్పు అని వండుకునే ఆ రెండు బద్దలూ పిల్లమొక్క కోసం తల్లి మొక్క కట్టిచ్చిన సద్దిమూట. పుస్తకంలో వాటిని బీజదళాలు అంటారు. గింజకి లేనిదల్లా నీళ్లు. అందుకే ముందు వేరు.

నీళ్లు తగలగానే లోపల ఎంజైములు పని మొదలుపెడతాయి. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే అమైలేజ్ వాటిలో ఒకటి. దాని పనితనం చూడాలంటే వంటింట్లోకి వెళ్లండి. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన రాగిపిండితో జావ కాస్తే, మామూలు పిండితో కాచినంత చిక్కబడదు, పైగా కాస్త తియ్యగా ఉంటుంది.

ఎదురింటి పిల్లాడు గింజలకి దాహమేస్తుందని గ్లాసు నిండా నీళ్లు పోశాడు. వాడివి కుళ్లి వాసనొచ్చాయి. గింజ కూడా ఊపిరి తీసుకుంటుంది మరి. వడ్లు నానబెట్టి మండె కట్టిన గోనెసంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనం గింజల శ్వాసది. అయితే వరి కొంచెం జాణ. నీటి అడుగున గాలాడకపోతే, వేరుని ఆపి మొలకనే ముందు పైకి పంపుతుంది, గాలి వెతుక్కోమని.

గురువారం రాత్రి మా అమ్మాయికి చెప్పకుండా గ్లాసుని పక్కకి పడుకోబెట్టాను. తెల్లారేసరికి మూడు వేర్లూ వంపు తిరిగి మళ్లీ నేల వైపు చూస్తున్నాయి.

"కళ్లు లేవు కదా, కింద ఎటుందో దానికెలా తెలుసు?"

వేరు కొసన చిన్న టోపీ ఉంటుంది. అందులోని కొన్ని కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. చెంబులో గులకరాళ్లేసి వంచితే అవి ఎటు దొర్లుతాయో అటే ఇవీ దిగుతాయి. దిగిన వైపు ఆక్సిన్ అనే హార్మోను పోగవుతుంది. వేరులో అది ఎక్కువైన వైపు ఎదుగుదల మందగిస్తుంది, పై వైపు మాత్రం సాగుతూనే ఉంటుంది. దాంతో వేరు కిందికి వంగుతుంది. కాండంలో తంతు తిరగబడుతుంది: అదే హార్మోను కింది వైపుని సాగదీసి మొలకని పైకి లేపుతుంది.

దీనికంతటికీ మూలం భూమి లాగుడేనని 1806లో ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ చూపించాడు. తన తోటలో పారే నీటితో తిరిగే చక్రం చేసి, దాని అంచున చిక్కుడు గింజలు కట్టాడు. నిమిషానికి 150కి పైగా చుట్లు. అంత వేగంలో గింజకి కింద అంటే చక్రం బయటి వైపే. వేర్లన్నీ బయటికి పోయాయి, మొలకలన్నీ ఇరుసు వైపు తిరిగాయి. గింజని మోసం చేసే ఇంత తేలికైన ఉపాయం ఇంకొకటి నాకు తెలియదు.

ఇక నాలుగోది. మా అమ్మాయి దాన్ని చచ్చిపోయిందని తేల్చేసింది. నాకు నమ్మకం కుదరలేదు. తడి తగిలిన ప్రతి గింజా మొలకెత్తితే మంచిదనుకుంటాం గానీ, కోతల వేళ తుపాను పట్టుకున్న కోస్తా రైతునడగండి. పడిపోయిన వరి వెన్ను మీదే మొలకలొచ్చేస్తాయి. కొన్ని వరి రకాలకి కోసిన కొత్తలో నిద్రావస్థ ఉంటుంది, ఆ వానకి అవి తొందరపడి లేవవు. అదే గుణం వెంటనే నారు పోయాలనుకున్న రైతుకి తలనొప్పి. అప్పుడు నత్రికామ్లం కొద్దిగా కలిపిన నీళ్లలో నానబెట్టి నిద్ర లేపుతారు. ఖర్జూరం సంగతి మరీ వింత. ఇజ్రాయెల్‌లో మసాడా కోట తవ్వకాల్లో దొరికిన దాదాపు 2,000 ఏళ్ల నాటి గింజని 2005లో నాటితే మొలిచింది.

పెసలకి అంత నిద్ర లేదు గానీ, కొన్నిటికి నీరు చొరబడని గట్టి తోలు ఉంటుంది. రాత్రంతా నానబెట్టినా పంటికింద రాయిలా తగిలే గింజలు అవే. అడవిలో బతికిన పూర్వీకుల నుంచి వచ్చిన అలవాటది: తొలివానకే అన్నీ మొలిచి, తర్వాత వాన మొహం చాటేస్తే వంశమే పోతుంది కదా.

శనివారం ఆ గింజని గచ్చు మీద నాలుగుసార్లు గీకి మళ్లీ దూదిలో పెట్టాం. ఆదివారం సాయంత్రం బొమ్మలో నాలుగో చుక్కని మా అమ్మాయి కాస్త పెద్దదిగా దిద్దింది.