చదునులో గుంపుగా, ఘాట్‌లో ఎవరికి వారు

విశాఖపట్నం నుంచి అరకుకు రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. శుక్రవారమో సోమవారమో సెలవు కలిసొస్తే నలుగురైదుగురు స్నేహితులు గేరు సైకిళ్లు తీసుకుని ఈ దారి పట్టడం ఇప్పుడు మామూలైంది. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట (ఇకపై కోట) దాకా సుమారు సగం దూరం దాదాపు చదునే. బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. టైడా, అనంతగిరి మీదుగా పైకెక్కిన రోడ్డు గాలికొండ దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తు దాటి, మళ్లీ కొంత దిగి, 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్న అరకు చేరుతుంది. ఈ రెండు సగాల్లో సైకిలుకు అడ్డుపడేది ఒకటే కాదు. మొదటి సగంలో గాలి, రెండో సగంలో బరువు. ఈ సంగతి పట్టించుకోని జట్లు చదునులో చెల్లాచెదురైపోయి, ఘాట్‌లో మాత్రం పక్కపక్కనే వెళ్లాలని పట్టుబడతాయి. జరగాల్సింది సరిగ్గా తలకిందులుగా.

మనిషి, సైకిలు, సామాను అంతా కలిపి 85 కిలోలు అనుకుందాం. గాలి లేని రోజున చదును రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగం రావాలంటే కాళ్లు సుమారు 90 వాట్ల శక్తి ఇవ్వాలి. అందులో 60 వాట్లు గాలిని చీల్చుకోవడానికే పోతాయి. మిగతాది టైర్లు నలుగుతూ వేడెక్కడంలో ఖర్చవుతుంది. వేగం 30కి పెంచితే లెక్క 140 వాట్లకు చేరుతుంది. అంటే ఐదు కిలోమీటర్ల కోసం ఒకటిన్నర రెట్ల కష్టం. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి ఘనంగా పెరుగుతుంది.

ముందు వెళ్లే సైకిలు వెనకాల గాలి సుడులు తిరుగుతూ అదే దిక్కుకు కదులుతుంటుంది. అందుకే ఆ చాటున వెళ్లేవారికి గాలి నిరోధం పాతిక శాతం నుంచి నలభై శాతం దాకా తగ్గుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో ముందున్నవారు 140 వాట్లు పెడుతుంటే వెనకున్నవారికి 110 సరిపోతుందన్నమాట. ముందు చక్రానికీ మీ చక్రానికీ మధ్య మీటరు దూరం ఉన్నా లాభం ఉంటుంది. కొత్తవారు అంతకన్నా దగ్గరకు పోవాల్సిన పని లేదు. చెయ్యకూడనిదల్లా మీ ముందు చక్రాన్ని ముందువారి వెనక చక్రానికి పక్కగా చొప్పించడం. వాళ్లు గొయ్యి తప్పించడానికి అరడుగు జరిగితే రెండు చక్రాలూ రాసుకుంటాయి. అప్పుడు హ్యాండిలు అదుపు తప్పి పడేది ఎప్పుడూ వెనకవారే.

ముందు ఉండే వంతు మూడు నాలుగు నిమిషాలు చాలు. వంతు అయ్యాక వెనక వాహనం లేదని చూసుకుని, కొద్దిగా పక్కకు జరిగి, పెడల్ ఒత్తిడి తగ్గించి వరస చివరకు చేరాలి. ఇక్కడ అందరూ చేసే తప్పొకటి ఉంది. కొత్తగా ముందుకొచ్చినవారు హుషారుగా వేగం పెంచేస్తారు. ఇప్పుడే 140 వాట్లు పెట్టి వెనక్కొచ్చినవారు ఆ క్షణంలోనే మళ్లీ పరుగెత్తాల్సి వస్తుంది, చాటు తప్పిపోతుంది. స్పీడు మీటరులో వేగం ఎంతుందో చూసుకుని అంతే నిలపడం ముందున్నవారి అసలు బాధ్యత. గొయ్యి, ఇసుక, కుక్క, స్పీడ్ బ్రేకరు ఏది కనిపించినా చేత్తో చూపించి, నోటితో కేకేసి చెప్పాలి. వెనకవారికి రోడ్డు కనబడదు.

ఇక ఘాట్. 6 శాతం వాలు అంటే వంద మీటర్లు ముందుకెళ్తే ఆరు మీటర్లు పైకెక్కడం. ఇద్దరు స్నేహితులు చెరో 180 వాట్లు ఇవ్వగలరనుకోండి. ఒకరి బరువు 60 కిలోలు, మరొకరిది 85. సైకిలు, సామాను కలిపి చెరో 13 కిలోలు. చదునులో వీళ్ల వేగాల్లో తేడా గంటకు ఒక కిలోమీటరు అటూ ఇటూ. అదే 6 శాతం వాలు మీద ఒకరు గంటకు 13 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే రెండోవారు 10తో ఎక్కుతారు. పది కిలోమీటర్లకు దాదాపు పావుగంట తేడా. ఈ వేగంలో గాలి లెక్కలోకే రాదు కాబట్టి చాటున వెళ్లినా ఒరిగేదేమీ లేదు. బరువైనవారు తేలికవారితో సమంగా ఎక్కాలంటే 180కి బదులు 235 వాట్ల దాకా పెట్టాలి. పావుగంట పెట్టగలరేమో, తర్వాత కాళ్లు మొరాయిస్తాయి. అందుకే ఘాట్ మొదట్లోనే చెప్పుకోవాలి: ఎవరి ఊపు వారిది, టైడాలో ఒకసారి, అనంతగిరిలో ఒకసారి కలుద్దాం అని. మంచి ఎక్కుడుగాళ్లు పైన ఆగి కొబ్బరినీళ్లు తాగుతూ ఎదురుచూస్తే వాళ్లకు పోయేదేమీ లేదు.

గేరు సంగతి బయల్దేరే ముందే తేల్చుకోవాలి. ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 28 అయితే గంటకు 9 కిలోమీటర్ల వేగంలో కాలు నిమిషానికి 58 సార్లే తిరుగుతుంది. ప్రతి తొక్కుడూ మోకాలి మీద బరువే. వెనక 34 పళ్ల చక్రం ఉంటే అదే వేగంలో 70 సార్లు తిరుగుతుంది. ఈ దారికి 34 వేయించుకోవడమే మేలు. అయితే చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే పాత డిరైలర్ అంత పెద్ద చక్రాన్ని అందుకోలేకపోవచ్చు, చైను పొడవు కూడా పెంచాల్సి రావచ్చు. ముందు రోజు రాత్రి చేసే పని కాదిది.

ఘాట్‌లో మనిషిని పడగొట్టేది చాలాసార్లు వాలు కాదు, వేడి. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పెడల్‌కు చేరేది నాలుగోవంతు కూడా ఉండదు. 150 వాట్లతో తొక్కుతుంటే మరో 500 వాట్లు ఒంట్లో వేడిగా మిగులుతాయి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. ఆ లెక్కన గంటకు ముప్పాతిక లీటరు ఆవిరైతే చాలు. కానీ చదునులో ఒంటికి తగిలిన 28 కిలోమీటర్ల గాలి ఘాట్‌లో 9 అవుతుంది. కోస్తా ఉక్కపోతలో చెమట ఆరదు, మోచేతుల నుంచి బొట్లుబొట్లుగా కారిపోతుంది. అలా కారిన చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్లూ ఉప్పూ మాత్రం పోతాయి. విశాఖలో తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరమనేది ఇందుకే. వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఏడు గంటలకు కోటలో టిఫిన్ ముగిస్తే కొండ మొదటి భాగం ఎండ ముదరకముందే అయిపోతుంది. సెలవు రోజు కార్ల రద్దీ కూడా అప్పటికి మొదలుకాదు.

లీటరు చెమటలో సాధారణంగా అర గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల సోడియం పోతుంది. గంటల తరబడి ఉత్త నీళ్లే తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. దాన్ని దాహం అనుకుని ఇంకా నీళ్లు తాగించడం ప్రమాదం. ఒక సీసాలో ఓఆర్ఎస్, ఇంకో సీసాలో మంచినీళ్లు పెట్టుకోవడం తేలికైన పద్ధతి. పొట్లం లీటరుకు కొలిచి పెట్టింది. దాన్ని ముప్పాతిక లీటరు సీసాలో గుమ్మరిస్తే గాఢత మూడోవంతు పెరిగి కడుపులో తిప్పుతుంది. పైగా ఓఆర్ఎస్ తిండి కాదు. లీటరుకు ఉండే 13.5 గ్రాముల గ్లూకోజు పేగు గోడ గుండా సోడియంను లోపలికి తీసుకెళ్లడానికే.

తిండి వేరే చూసుకోవాలి. సగటున 120 వాట్లతో ఆరు గంటలు తొక్కితే సుమారు 2,600 కిలోకేలరీలు ఖర్చు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం మొత్తం కలిపినా రెండు వేలకు మించదు. కొవ్వు కొంత ఆదుకుంటుంది గానీ ఎక్కుడులో దాని వేగం సరిపోదు. మొదటి గంట నుంచే గంటకు 50, 60 గ్రాముల పిండిపదార్థం అందాలి: ఒక అరటిపండు, రెండు చిన్న బెల్లం ముక్కలు కలిస్తే 45 దాకా వస్తుంది. కోటలో ఇడ్లీ తినండి, పూరీ వద్దు. నూనె పొట్టలో ఆలస్యంగా కదులుతుంది.

పంచర్లలో సగం పీడ హైవే అంచున ఉంటుంది. పగిలిన లారీ టైర్ల నుంచి రాలిన వెంట్రుకలాంటి ఉక్కు తీగ టైరులో గుచ్చుకుని కంటికి కనబడదు. ట్యూబు మార్చి గాలి కొడితే పది నిమిషాల్లో మళ్లీ పంచరు. చిల్లు వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో అదే చోట లోపలి నుంచి వేలితో మెల్లగా తడిమి, దొరికిన తీగను పట్టకారుతో లాగాలి. పక్కపక్కన రెండు కోతలు కనిపిస్తే అది తీగ కాదు, గాలి తక్కువై గోతిలో ట్యూబు రిమ్ముకు నలిగిందని అర్థం. 28 మిల్లీమీటర్ల టైరు, 70 కిలోల మనిషి అయితే వెనక 75, ముందు 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టవచ్చు. ఊళ్లో పంచరు షాపు కంప్రెసరు సన్నని ప్రెస్టా వాల్వుకు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉండాలి.

రెండోరోజు తిరుగు ప్రయాణం. చలికాలమైతే అరకులో మంచు, తడి రోడ్డు. పైగా మొదట గాలికొండ దాకా ఎక్కాలి. తర్వాత వచ్చే దిగుడులో బ్రేకు పట్టుకునే పద్ధతి ముఖ్యం. 6 శాతం వాలులో 30 కిలోమీటర్ల దగ్గర వేగాన్ని నిలిపితే సుమారు 275 వాట్లు బ్రేకుల్లో వేడిగా మారుతుంది. రిమ్ బ్రేకులైతే ఆ వేడికి రిమ్ము కాలి, నిన్న అతికించిన ప్యాచీ లేచిపోవచ్చు. బ్రేకు అదేపనిగా రాపిడి పెట్టకుండా, తిన్నని చోట వదిలి, మలుపుకు ముందే రెండూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలెయ్యాలి. ఇక్కడా జట్టుగా వద్దు, మనిషికీ మనిషికీ ముప్పై మీటర్లు ఉండాలి.

కోట చేరాక మళ్లీ వరస కట్టాలి, నిన్నటికన్నా గట్టిగా. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. విశాఖ వైపు వెళ్లేవారికి అది ఎదురుగాలి. గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో 25 వేగం నిలపాలంటే 90 వాట్లు కాస్తా 185 దాటతాయి. ఈ 55 కిలోమీటర్లలో వేగాన్ని 20కి దించి, ముందు వంతును రెండు నిమిషాలకు కుదించాలి. అలసినవారు ముందుకు రానక్కర్లేదు, వరస చివర ఖాళీ పడకుండా తొక్కితే చాలు.