నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఎందుకు ముట్టుకోరు?

విశాఖపట్నం ద్వారకానగర్‌లోని కంప్యూటర్ శిక్షణ కేంద్రాల బోర్డుల మీద ఎప్పటికప్పుడు కొత్త కోర్సుల పేర్లు వెలుస్తుంటాయి. ఆ కోర్సులు పూర్తిచేసి మధురవాడలోనో రుషికొండలోనో ఉద్యోగంలో చేరినవారికి మొదట అప్పగించే పని తరచుగా వేరే రకంగా ఉంటుంది: తాము బడిలో చదువుకుంటున్న రోజుల్లో ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామ్‌లో ఒక చిన్న లోపాన్ని సరిచేయడం. దీన్ని కొత్త భాషలో తిరగరాస్తే పోదా అని వారు అడిగితే, నడుస్తున్నదాన్ని కదపవద్దని సీనియర్లు అంటారు. ఆ మాటను బద్ధకమనో, కొత్తదంటే భయమనో కొట్టిపారేయడం తేలిక. అలా అనేవారిలో ఎక్కువమంది బద్ధకస్తులు కారని, మార్పు బెడిసికొడితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో వారికి బాగా తెలుసునని నా అభిప్రాయం.

పాత ప్రోగ్రామ్‌లో వింతగా కనిపించే వరుస వెనుక చాలాసార్లు ఏదో ఒక కారణం ఉంటుంది. 1959లో రూపకల్పన మొదలై 1960లో వెలువడిన కోబాల్ భాషలో రాసిన బ్యాంకు ప్రోగ్రాములనే తీసుకుందాం. ఆనాడు సమాచారం రంధ్రాలు పొడిచిన 80 గళ్ల అట్టముక్కల (పంచ్ కార్డుల) మీద ఉండేది, కంప్యూటర్ మెమరీ చాలా ఖరీదైనది. అందువల్ల సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసేవారు. (ప్రభవ అంటే 1927లో వచ్చినదా, 1987లో వచ్చినదా అనే సందేహానికి అలవాటుపడిన మనకు ఈ చిక్కు కొత్తదేమీ కాదు.) 2000వ సంవత్సరం దగ్గరపడినప్పుడు చాలా చోట్ల తేదీలన్నింటినీ తిరగరాయకుండా, ఆ రెండంకెల సంఖ్య 50 కన్నా తక్కువైతే ముందు 20, కాకపోతే 19 చేర్చాలన్న తరహా షరతు పెట్టి గట్టెక్కారు. ఆ 50 ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ రాసిపెట్టకపోతే, పదేళ్ల తర్వాత దాన్ని చూసినవారు తీసేయడానికీ జంకుతారు, ఉంచడానికీ జంకుతారు. డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో వాదించింది ఇదే. ప్రోగ్రామ్‌ను నిర్మించినవారి మనసులో ఏర్పడిన అవగాహనే ముఖ్యమని, కోడ్‌లోనూ పత్రాలలోనూ అది పూర్తిగా ఇమడదని, ఆ బృందం చెదిరిపోయినప్పుడు ప్రోగ్రామ్ కూడా చచ్చిపోయినట్టేనని ఆయన అన్నాడు. చచ్చిపోయిందనుకున్న ప్రోగ్రామ్ మరో ఇరవై ఏళ్లపాటు ప్రతి నెలా జీతాలు లెక్కగడుతూనే ఉంటుందన్నది వేరే సంగతి.

ఇక నష్టం సంగతి. బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన ఖాతాలను పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి ఒక్క వారాంతంలో తరలించింది. ఖాతాల సమాచారం చేరింది గానీ కొత్త వ్యవస్థ నిలవలేకపోవడంతో లక్షలాది ఖాతాదారులు తమ సొమ్మును అందుకోలేకపోయారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 4.8 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. మరుసటి ఏడాది అప్పటి సమాచార సాంకేతిక విభాగాధిపతికి వ్యక్తిగతంగా మరో 81 వేల పౌండ్లకు పైగా జరిమానా పడింది. మార్పు సజావుగా జరిగి ఉంటే ఆయన పేరు బయటివారెవరికీ తెలిసేది కాదు. విజయానికి గుర్తింపు లేక, వైఫల్యానికి శిక్ష ఉన్నచోట చేతులు కట్టుకుని కూర్చోవడమే తెలివైన పనిగా తోస్తుంది.

అలాగని ముట్టుకోకపోవడం క్షేమమనీ చెప్పలేం. 1996 జూన్ 4న ఐరోపా దేశాల ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. ఏరియన్ 4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రామ్‌ను అందులో అలాగే వాడారు. కొత్త రాకెట్ అడ్డంగా పుంజుకునే వేగం ఎక్కువ కావడంతో, 64 బిట్ల (కంప్యూటర్ సంఖ్యను రాసుకునే 0, 1 గళ్ల) సంఖ్యను 16 బిట్లలోకి కుదించేచోట అది పట్టక లెక్క తప్పింది. పైగా ఆ లెక్కతో ఏరియన్ 5కు నేల వదిలాక అవసరమే లేదు. బాగా నడిచినదాన్ని అవసరమని తేలితే తప్ప మార్చరాదన్న ఆలోచనే దాన్ని అక్కడ ఉంచిందని విచారణ సంఘం తేల్చింది. ప్రోగ్రామ్ మారకపోయినా దాని చుట్టూ ఉన్నవి మారతాయి.

సీనియర్ల పక్షాన ఇంత చెప్పినా, అనుభవం కళ్లు మూసే మాటా నిజమే. 1942లో అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వవేత్త మూడు కూజాలతో నీళ్లు కొలిచే లెక్కలు ఇచ్చాడు. 21, 127, 3 కొలతల కూజాలతో 100 కొలవాలంటే, మధ్య కూజా నుంచి మొదటిదాన్ని ఒకసారి, మూడోదాన్ని రెండుసార్లు తీసివేయాలి. ఇటువంటివి వరుసగా కొన్ని చేయించాక 23, 49, 3 కూజాలతో 20 కొలవమన్నాడు. 23 నుంచి 3 తీసేస్తే సరిపోతుంది. అయినా సాధన చేసినవారిలో అత్యధికులు పాత దారినే 49 నుంచి మొదలుపెట్టారు. సాధన లేనివారికి దగ్గరి దారి వెంటనే కనబడింది. ఈ బిగింపు అన్ని తరాలలోనూ ఉంది. మనిషి రాసినదాన్ని యంత్రమే తన సంకేతాల్లోకి మార్చుకునే ఫోర్ట్రాన్ భాషను 1957లో ఐబీఎం కంపెనీ విడుదల చేసినప్పుడు, తాము చేత్తో రాసినంత చురుకైన కోడ్‌ను యంత్రం తయారుచేయగలదని చాలామంది ప్రోగ్రామర్లు నమ్మలేదు. పరుగెత్తించి చూపాకే ఆ పట్టు సడలింది.

కొత్తదానికీ తన వంతు తప్పు ఉంటుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు 2008 డిసెంబరులో వచ్చిన కొత్త రూపం పైథాన్ 3, పాతదానితో పూర్తిగా పొసగదు. 3ను 2తో భాగిస్తే పాత పైథాన్ 1 అనేది, కొత్తది 1.5 అంటుంది, ఏ హెచ్చరికా లేకుండా జవాబు మారిపోతుంది. మనకు మాత్రం అది మేలే చేసింది: ప్రపంచ లిపులను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో రాసిన "తెలుగు" అన్న మాట పొడవు పాత పైథాన్‌లో మామూలుగా 18 బైట్లు అని వచ్చేది, ఇప్పుడు 6 అక్షర సంకేతాలు (త, ల, గ, వాటి గుణింతపు గుర్తులు) అని వస్తుంది. ఇంత లాభమున్నా పైథాన్ 2కు మద్దతు ఆపడానికి ముందు అనుకున్న 2015 చాలక, గడువును 2020 జనవరి 1 దాకా పొడిగించవలసి వచ్చింది.

ఉక్కు కర్మాగారం, ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న విశాఖ వంటి ఊళ్లో యంత్రాల ఆయుష్షును దశాబ్దాలలో లెక్కిస్తారు; వాటిని నడిపే ప్రోగ్రాములు కూడా అన్నాళ్లూ బతకాలి. 1970 మొదలు గడిచిన సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే వ్యవస్థలు ఎక్కడైనా మిగిలి ఉంటే, 2038 జనవరి 19న వాటి లెక్క నిండి తేదీ 1901కి వెనుదిరుగుతుంది. అక్కడ ముట్టుకోకుండా ఉండే వెసులుబాటు లేదు.

అటువంటిచోట ఉపన్యాసాల కన్నా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. పాత ప్రోగ్రామ్ ఇప్పుడు ఏ సమాచారానికి ఏ జవాబిస్తోందో ముందుగా పరీక్షల రూపంలో నమోదు చేసి, ఒక్కొక్క భాగాన్నే మారుస్తూ, కొన్ని నెలలపాటు రెండింటినీ పక్కపక్కనే నడిపించి జవాబులను పోల్చి చూస్తారు. ఖర్చు రెట్టింపవుతుంది గనుక యాజమాన్యాలు దీనికి అంత సులువుగా ఒప్పుకోవు. ఒప్పుకున్నచోట మాత్రం సీనియర్ల అభ్యంతరాలలో చాలా భాగం వాటంతటవే తగ్గుతాయి, ఎందుకంటే పొరపాటు బయటపడేసరికి అది ఇంకా ఎవరి జీతాన్నీ తాకి ఉండదు. రెండు జవాబుల మధ్య కొన్ని పైసల తేడా వచ్చి, వెతగ్గా వెతగ్గా తప్పు పాతదానిదేనని తేలే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు ఆ తప్పును కొత్త ప్రోగ్రామ్‌లోనూ అలాగే ఉంచాలా, సరిదిద్ది పాత లెక్కలన్నీ తిరగదోడాలా అన్నది ప్రోగ్రామర్ ఒక్కడు తేల్చగలిగేది కాదు. అకౌంట్స్ విభాగం వచ్చి కూర్చోవలసిందే.