కాలిఫోర్నియా స్పీడింగ్ టికెట్: 35 డాలర్లు 233 ఎలా అవుతాయి?

అపోహ: టికెట్ డబ్బంతా రాసిన పోలీసు శాఖకే పోతుంది.

పోదు. పరిమితికి మించిన వేగం 15 మైళ్ల లోపైతే చట్టంలో ఉన్న అసలు జరిమానా 35 డాలర్లే. ఇక్కడ అసలు కంటే కొసరే బరువు. ప్రతి 10 డాలర్లకూ రాష్ట్ర పెనాల్టీ 10, కౌంటీది 7, కోర్టు భవనాలకు 5, నేరస్థుల డీఎన్ఏ గుర్తింపు నిధికి 5, అత్యవసర వైద్యానికి 2, వెరసి 29 కలుపుతారు. పదిలో కొంత ఉన్నా పదిగానే లెక్క కాబట్టి 35 అంటే నాలుగు పదులు, అంటే 116. ఆపైన 20 శాతం సర్‌చార్జి 7, కోర్టు నిర్వహణకు 40, దోషిగా తేలినందుకు వేసే కన్విక్షన్ అసెస్‌మెంట్ 35. కూడితే 233. కౌంటీని బట్టి కొద్ది డాలర్లు అటూ ఇటూ. రెడ్ లైట్ దాటితే అసలు 100, కట్టేది 490 దరిదాపుల్లో. పోలీసుల మీద పడే తిట్లలో సగం శాసనసభకు చెందాలి.

అపోహ: నెలాఖరుకి ఇన్ని టికెట్లు రాయాలని కాప్‌లకు కోటా ఉంటుంది.

కోటా పెట్టడాన్ని రాష్ట్ర వెహికల్ కోడ్ నిషేధించింది.

అపోహ: కెమెరా కంపెనీకి టికెట్‌కు ఇంతని కమిషన్.

రెడ్ లైట్ కెమెరాలకు 2004 నుంచి కుదిరిన ఒప్పందాల్లో అది కుదరదు. లాభం వేరే దారిలో వస్తుంది: కెమెరాకి నెలకింతని అద్దె. అందుకే కంపెనీకి కావాల్సింది ఎక్కువ టికెట్ల కన్నా ఎక్కువ కెమెరాలు. షికాగోలో ఇలాంటి కాంట్రాక్టు కోసం లంచాలు తిన్న మాజీ నగర అధికారికి 2016లో పదేళ్ల జైలు పడింది. 2023 చట్టంతో శాన్ హోసే, శాన్ ఫ్రాన్సిస్కో సహా ఆరు నగరాలకు అనుమతి దొరికిన స్పీడ్ కెమెరాలది మరో పద్ధతి: పరిమితిని 11 నుంచి 15 మైళ్లు మించితే 50 డాలర్లు, లైసెన్సు మీద పాయింట్ (తప్పు చేసినట్టు రికార్డులో పడే మార్కు) పడదు.

రెడ్ లైట్ కెమెరా పేరుతో ఇంటికొచ్చిన కాగితం మీద సుపీరియర్ కోర్టు (కౌంటీలో కేసులు విచారించే కోర్టు) పేరు, చిరునామా ఉన్నాయేమో ముందు చూడండి. లేకపోతే అది కోర్టులో దాఖలైన టికెట్ కాదు. బండి నడిపిందెవరో మీతోనే చెప్పించుకోడానికి పోలీసులు పంపిన ఉత్తరం కావచ్చు.

అపోహ: ట్రాఫిక్ స్కూల్‌కి వెళ్తే జరిమానా మాఫీ.

మన వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జరిమానా పూర్తిగా కట్టాలి, కోర్టుకు మరో 50 డాలర్ల పైచిలుకు ఇవ్వాలి, ప్రైవేటు స్కూల్ ఫీజు వేరు. దక్కేదల్లా ఆ పాయింట్ ఇన్సూరెన్స్ కంపెనీ కంట పడకపోవడం. అసలు ఖర్చు ప్రీమియంలోనే ఉంటుంది కాబట్టి సాధారణంగా గిట్టుబాటే. 18 నెలల్లో ఒక్కసారే అవకాశం, లెక్క ఉల్లంఘన తేదీ నుంచి. వేగం పరిమితిని 25 మైళ్లకు పైగా మించితే కోర్టు కౌంటర్లో అడిగినా ఇవ్వరు.

అపోహ: పోరాడాలంటే సెలవు పెట్టి కోర్టుకెళ్లాలి.

టీఆర్-205 ఫారంలో మీ వాదన రాసి, పూర్తి మొత్తం డిపాజిట్‌గా జతచేసి పంపొచ్చు. పోలీసు కూడా రాతపూర్వకంగా జవాబివ్వాలి. గెలిస్తే డబ్బు వెనక్కి. ఓడితే తీర్పు పంపిన 20 రోజుల్లో టీఆర్-220 వేస్తే కోర్టులో విచారణ మళ్లీ మొదటి నుంచి. గడువు దాటితే ఆ దారి మూసుకున్నట్టే.

టికెట్‌ని అసలు పట్టించుకోకపోతే 100 డాలర్ల దాకా అదనపు వడ్డన. 2022 జులైకి ముందు అది 300.